సాళ్ల మధ్య యంత్రం.. మొక్కల మధ్య మనిషి

ఎడ్ల దంతె నుంచి లేజర్ దాకా వచ్చాం. అయినా వానాకాలం మొదలైతే చాలు, కలుపు కూలీల కోసం ఊళ్లకు ఊళ్లు గాలిస్తున్నాం. కలుపు తీసే యంత్రాన్ని కనిపెట్టడం ఎందుకింత కష్టం? కనిపెట్టినవి ఎందుకు మూలన పడ్డాయి? ఏవి నిలిచాయి?

మూడు రోజుల ముసురు ఆగి ఎండ పొడిచింది. నల్లరేగడి ఇంకా ఆరలేదు. అడుగేస్తే చెప్పు మట్టిలోనే ఉండిపోతోంది. పత్తి మొక్క జానెడెత్తు లేచింది. గడ్డి దానికంటే ముందే లేచింది. పొద్దున ఎనిమిది కాకముందే చేను పక్కన ఆటో ఆగింది. ముగ్గురు పట్టే బండిలోంచి పది మంది ఆడవాళ్లు దిగారు. చీర మీద పాత చొక్కా, నెత్తికి తువ్వాల, ఒక చేతిలో సద్దిగిన్నె, ఇంకో చేతిలో కొడవలి. తలా రెండు సాళ్లు పట్టి వంగారు. మళ్లీ నడుం ఎత్తేది అన్నం వేళకే.

అన్నాలప్పుడు రైతు ఫోన్‌లో వీడియో పెట్టి చూపించాడు. అమెరికాలో ఎక్కడో ఉల్లితోట. ట్రాక్టర్ వెనుక పెద్ద పెట్టె కదులుతోంది. దాని కింద మెరుపులు మెరుస్తున్నాయి. పెట్టె దాటిపోయాక చూస్తే ఉల్లి మొక్కలు అలాగే ఉన్నాయి, కలుపు మొక్కలు మాత్రం మాడిపోయాయి.

“జల్ది తెప్పియ్యన్నా, నడుములు పోతున్నయ్” అంది ఒకామె.

“తెప్పిస్తే మా కైకిలెట్ల?” అంది పక్కనున్నామె.

ఈ సీజన్‌లో ఓరుగల్లు పత్తి చేలకు వెళ్లినా, గుంటూరు మిర్చి తోటలకు వెళ్లినా యాస మారుతుందేమో గానీ వినిపించేవి ఈ రెండు మాటలే. కలుపు యంత్రాల చరిత్ర అంతా ఈ రెండు మాటల మధ్యే నడిచింది. ఒకటి నడుము గురించి, రెండోది కూలి గురించి. యంత్రాలు తయారుచేసిన వాళ్లలో ఎక్కువమంది మాత్రం ఈ రెండూ కాక మూడో లెక్క వేసుకున్నారు: ఎకరానికి ఎన్ని గంటలు?

తొలి భాగమే గండం

కలుపు ఎప్పుడు తీసినా ఒకటే అనుకుంటే పొరపాటు. పంట కాలాన్ని మూడు భాగాలు చేస్తే, మొదటి భాగంలో వచ్చే కలుపే అసలు నష్టం చేస్తుంది. పత్తి లాంటి పంటకు తొలి రెండు నెలలు ఆయువుపట్టు. మొక్క చిన్నది, ఎదుగుదల నిదానం, సాళ్ల మధ్య జాగా ఖాళీ. వేసిన ఎరువు, పడ్డ వాన, తగిలిన ఎండ అన్నిట్లోనూ కలుపు ముందుగా వాటా తీసుకుంటుంది. ఆకులు కమ్ముకుని నేలకు నీడ పడ్డాక దాని జోరు దానంతటదే తగ్గుతుంది.

చిక్కంతా ఇక్కడే. ఒకే వానకు ఊరంతా విత్తుతుంది కాబట్టి ఊరందరికీ ఒకే వారంలో కూలీలు కావాలి. ఆ వారంలోనే ముసురు పడితే ట్రాక్టర్ దిగదు, ఎడ్లూ దిగవు. వాన వెలిసి, మట్టి పదును మీదుండి, మళ్లీ గట్టిపడేలోగా దొరికే నాలుగైదు రోజుల్లోనే పని జరగాలి. ఎడ్లున్న కాలంలో రైతు తెల్లారకముందే దంతె కట్టి ఆ సందును పట్టుకునేవాడు. ఇప్పుడు చాలా ఇళ్లలో ఎడ్లు లేవు, దంతె అటక మీదుంది, తోలడం తెలిసిన చేతులూ తగ్గాయి.

దీని ఖరీదు ఎంతో కొలిచినవాళ్లున్నారు. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంచాలనాలయం శాస్త్రవేత్తలు 18 రాష్ట్రాల్లో రైతుల పొలాల్లోనే జరిగిన 1,581 ప్రయోగాల లెక్కలు తీసి 2018లో ప్రచురించారు. పది ముఖ్య పంటల్లో కలుపు వల్ల దేశానికి కలుగుతున్న నష్టం దాదాపు 1,100 కోట్ల డాలర్లని తేల్చారు. పురుగు కనిపిస్తే రైతు పరుగెత్తుతాడు. కలుపు అలా కంగారు పెట్టదు. నెమ్మదిగా తినేస్తుంది.

సాలు పడ్డాకే యంత్రం

కలుపు యంత్రానికి ముందు పుట్టాల్సింది విత్తే యంత్రం. వెదజల్లిన చేనులో ఏ యంత్రమూ నడవదు. సాలు తిన్నగా ఉంటేనే దాని పక్కన ఇనుము దిగుతుంది.

ఇంగ్లండ్‌లో జెత్రో టుల్ అనే రైతు 1701లో విత్తనం వరసగా పడే గొర్రును తయారుచేశాడు. చర్చిలో వాయించే ఆర్గాన్ వాద్యం లోపలి నిర్మాణం నుంచి దానికి ఆలోచన తీసుకున్నాడు. తర్వాత ఆ వరసల మధ్య గుర్రంతో గుంటక తోలించాడు. 1731లో దాని మీద పుస్తకమే రాశాడు. యూరప్ వ్యవసాయ చరిత్రలో ఇదో పెద్ద మలుపంటారు. మన దక్కన్ రైతుకు మాత్రం ఇందులో కొత్తేమీ లేదు. ఇక్కడ గొర్రుతో విత్తి, దంతెతో పాటు చేయడం అప్పటికే పాతబడిన పని. 18వ శతాబ్దం చివర్లో దక్షిణాదిలో ఉన్న ఆంగ్ల సైనికాధికారి కెప్టెన్ థామస్ హాల్కాట్, గొర్రు అనేది యూరప్ కొత్తగా కనిపెట్టిందనే అనుకున్నానని, ఇక్కడి పొలంలో అది నడుస్తుంటే చూసి ఆశ్చర్యపోయానని రాసిపెట్టాడు.

మాగాణిది మరో కథ. బురదలో దంతె నడవదు. జపాన్‌లోనూ రైతులు వరిమడిలో మోకాళ్ల మీద పాకుతూ కలుపు తీసేవారు. నకాయ్ తాయిచిరో అనే ఆయన చక్రానికి పళ్లు బిగించి, పొడవాటి కర్ర తగిలించి, నిలబడి తోసుకుంటూ పోయే పనిముట్టు చేశాడు. 1892లో దానికి పేటెంటు వచ్చింది. ఈనాడు మనం కోనో వీడర్ అంటున్నది ఆ వంశంలోదే. అక్కడ కూడా ముందు జరిగింది తాడు పట్టి వరసల్లో నాటడం. ఆ తర్వాతే చక్రం తిరిగింది.

ఇంత పాత విద్య ఇప్పటికీ ఎందుకు పూర్తికాలేదంటే, సాళ్ల మధ్య కలుపు వేరు, సాలులో మొక్కకూ మొక్కకూ మధ్య ఉండే కలుపు వేరు. మొదటిదాన్ని ఏ ఇనుపముక్కైనా కోస్తుంది. రెండోదాని దగ్గరికి వచ్చేసరికి పత్తి మొక్క ఏదో గడ్డిమొక్క ఏదో తెలియాలి. అక్కడ యంత్రం ఆగిపోతుంది, మనిషి వంగుతుంది. మూడు వందల ఏళ్లుగా పని విభజన ఇదే.

> ■ యంత్రాన్ని ఏమార్చే నాలుగు
>
> తుంగ: పైన కోస్తే కింద గడ్డ నవ్వుతుంది. మట్టి లోపల గొలుసులా అల్లుకున్న గడ్డల్లో ఒక్కటి మిగిలినా మళ్లీ మొలుస్తుంది.
>
> గరిక: పవర్ వీడర్ బ్లేడ్లు దీన్ని ముక్కలు చేస్తాయి. కణుపు ఉన్న ప్రతి ముక్కా పదును తగిలితే కొత్త మొక్కవుతుంది. వీడర్ తిప్పి గరికను పోగొడదామంటే చేనంతా నాటినట్టవుతుంది.
>
> ఊద గడ్డి: వరిని పోలి ఉంటుంది. తేడా కనిపించిన మొక్కల్ని మనుషులు తరతరాలుగా పీకేస్తూ వచ్చారు. పోలిక ఉన్నవి తప్పించుకుని గింజ రాల్చాయి. ఆ పోలికను పెంచింది మన చేతులే.
>
> వయ్యారిభామ: 1950ల్లో పుణె దగ్గర కంటపడింది. అమెరికా నుంచి దిగుమతైన గోధుమలతో వచ్చిందని చెబుతారు. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. చేత్తో పీకితే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం.

పటాన్‌చెరులో పుట్టి, బండిగా మారి

మనకు దగ్గర్లోనే జరిగి, మనం అంతగా చెప్పుకోని కథ ఒకటుంది. 1972లో పటాన్‌చెరులో అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఏర్పడింది. నల్లరేగడిలో వానాకాలం పంట తీయడం ఎలా అన్నది దాని తొలినాళ్ల పెద్ద ప్రశ్నల్లో ఒకటి. వెడల్పాటి ఎత్తు మడి, పక్కన కాలువ పద్ధతిని రూపొందించారు. దానికి సరిపడేలా రెండు చక్రాల మీద నడిచే ఎడ్ల పరికరాన్ని మెరుగుపరిచారు. దీని మూలరూపం ఫ్రాన్స్‌కు చెందిన జాన్ నోల్ అనే రూపకర్తది. దాన్ని ట్రాపికల్టర్ అన్నారు. దుక్కికి నాగళ్లు, విత్తడానికి గొర్రు, పాటుకు దంతెలు.. అన్నీ ఆ ఒక్క చట్రానికే బిగించుకోవచ్చు. మనిషి పైన కూర్చుని తోలొచ్చు. ప్రయోగ క్షేత్రంలో అద్భుతంగా పనిచేసింది.

రైతుల దగ్గర మాత్రం నిలవలేదు. ధర ఊరి వడ్రంగి చేసిచ్చే దంతె, గుంటక, గొర్రు అన్నీ కలిపినా అందనంత. బరువెక్కువ కావడంతో బలమైన జోడెడ్లు కావాలి. పనిముట్టు మార్చిన ప్రతిసారీ బోల్టులు విప్పి బిగించాలి. చిన్న కమతాల్లో, గట్ల మధ్య మలుపు తిరగదు. కొన్నవాళ్లలో చాలామంది చివరికి చేసిందేమిటంటే, పనిముట్లు పక్కన పడేసి, పైన పలకలు పరిచి బండిగా వాడుకున్నారు. ఇది ఒక్క పటాన్‌చెరు అనుభవమే కాదు. ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికాల్లో ముప్ఫై ఏళ్లలో ఇలాంటివి 45కు పైగా నమూనాల్లో దాదాపు 10,000 తయారయ్యాయని, ఏళ్ల తరబడి అనేక పనులకు వాడిన రైతులు దాదాపు లేరని పాల్ స్టార్కీ అనే పరిశోధకుడు 1988లో లెక్కతేల్చాడు. నిపుణులు పరిపూర్ణం చేశారు, రైతులు తిరస్కరించారన్నది ఆయన పుస్తకం సారాంశం.

ఎడ్లబండిగా మిగిలిన ఆ యంత్రానికి ఇంజినీరింగ్ లోపం అంటగట్టడానికి లేదు. దాన్ని తోలాల్సిన మనిషి, లాగాల్సిన ఎడ్లు, తిరగాల్సిన చేను మొదట్లోనే లెక్కలోకి రాలేదు. అంతే.

కొలిమి దగ్గర కుదిరిన కొలత

దీనికి ఎదురుగా ఇంకో దారి ఉంది. గుజరాత్‌లోని అమ్రేలి జిల్లాలో కరవు కాలం. ఎడ్లను మేపలేక అమ్మేశారు, కూలీలు దొరకడం లేదు. మన్సుఖ్‌భాయ్ జగానీ అనే మెకానిక్ 1994లో ఒక పాత ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ బండి వెనుక చక్రం తీసేసి, ఆ జాగాలో రెండు చక్రాలున్న చట్రం, దానికి దంతెలు బిగించాడు. ‘బుల్లెట్ సాంతి’ అని పేరొచ్చింది. పాటు చేస్తుంది, విత్తుతుంది, మందు కొట్టే సామాను లాగుతుంది. పని అయ్యాక పనిముట్లు విప్పితే మళ్లీ రోడ్డెక్కుతుంది. ఊళ్లలో దాన్ని చూసి చేసుకున్నవాళ్లూ పుట్టుకొచ్చారు. దానికి మన దేశంలోనే కాదు, అమెరికాలోనూ పేటెంటు దక్కింది.

మహారాష్ట్ర జల్‌గావ్ జిల్లా శెందుర్ణికి చెందిన గోపాల్ మల్హారీ భిసేకు బుల్లెట్ కూడా లేదు. సైకిల్ ముందు చక్రం, హ్యాండిల్, ఫ్రేము తీసుకుని వాటికి దంతె బిగించాడు. నిలబడి నెట్టుకుంటూ పోతే సాలు శుభ్రమవుతుంది. మన పల్లెల్లో ఇప్పుడు కనిపించే సైకిల్ దంతెలదీ ఇదే దారి. పాత సైకిల్, గజం ఇనుపపట్టీ, ఊరి వెల్డింగ్ షాపు. డీజిల్ లేదు, ఎడ్లు లేవు. విరిగితే మరునాటికి అతుకుతుంది. ఎకరం, రెండెకరాల కూరగాయల రైతుకు ఇంతకంటే చేతికందే యంత్రం దొరకడం కష్టం.

ఇలాంటి వాళ్లను వెతికి వెలుగులోకి తెచ్చింది ప్రొఫెసర్ అనిల్ గుప్తా మొదలుపెట్టిన హనీబీ నెట్‌వర్క్, 2000లో ఏర్పడిన జాతీయ ఆవిష్కరణల సంస్థ. తెలుగునేల మీద ఆ పని చేస్తున్నది బ్రిగేడియర్ పోగుల గణేశం నడిపే ‘పల్లె సృజన’. శోధయాత్రల పేరుతో ఊరూరా నడిచి, పెరట్లలో, షెడ్లలో తుప్పుపట్టే ఆలోచనలను వెతుకుతారు. ఆసు యంత్రం చేసిన చింతకింది మల్లేశం పేరు దేశానికి తెలియడంలోనూ ఈ వేదికల పాత్ర ఉంది.

మల్లేశం కథ చేనేతది. ఇక్కడెందుకంటే, ఆయన యంత్రం మొదలైంది గంటల లెక్క నుంచి కాదు. చీరకు వేలసార్లు చెయ్యి ఊపి ఊపి తల్లి భుజం పట్టేస్తుంటే చూడలేక మొదలుపెట్టాడు. ఏళ్ల తరబడి తంటాలు పడి 1999 నాటికి ఆసు యంత్రాన్ని కొలిక్కి తెచ్చాడు. 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. పనిచేసే ఒంటిని చూసి యంత్రానికి కొలత తీసుకుంటే ఏమవుతుందో చూపించాడు. కలుపు తీసే నడుముకు అలాంటి కొలత తీసినవాళ్లు ఎందరు?

> ■ ఆటస్థలం కూడా ఇలాగే పుట్టింది
>
> ఇంగ్లండ్‌లో స్ట్రౌడ్ ఊళ్లో ఎడ్విన్ బడ్డింగ్ అనే మెకానిక్ ఉండేవాడు. ఉన్ని బట్టల మిల్లులో నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి, అదే పద్ధతిలో గడ్డి కోస్తే ఎలా ఉంటుందని ఆలోచించాడు. 1830లో లాన్‌మోవర్ పేటెంటు చేయించాడు. అంతకుముందు పచ్చికను కొడవళ్లతోనో, గొర్రెలను మేపో సమం చేసేవారు. నున్నటి పచ్చిక చవకయ్యాకే దానిమీద ఆడే ఆటలు పుంజుకున్నాయి. 1877లో వింబుల్డన్ మొదలైంది.
>
> మంచు మైదానం కథా ఇలాంటిదే. అమెరికాలో ఫ్రాంక్ జాంబోనీ అన్నదమ్ములకు మంచుగడ్డల వ్యాపారం. ఇళ్లలోకి ఫ్రిజ్‌లు వచ్చాక గిరాకీ పడిపోయే సూచనలు కనిపించాయి. కాలిఫోర్నియాలో 1940లో స్కేటింగ్ మైదానం తెరిచారు. గీతలు పడిన మంచును చెక్కి, తుక్కు ఎత్తి, నీళ్లు చల్లి మళ్లీ నున్నగా చేయడానికి కొందరు కలిసి పట్టుకున్నా గంటకు పైగా పట్టేది. ఏళ్లపాటు ప్రయోగాలు చేసి 1949లో ఫ్రాంక్ ఆ పనులన్నీ ఒకే చుట్టులో ముగించే బండి తయారుచేశాడు. పదిహేను నిమిషాల్లోపే పని అయిపోయింది. ఈనాటికీ ఆ బండిని ఆయన ఇంటిపేరుతోనే పిలుస్తారు. రోజూ ఆ మంచు మీద నిలబడి విసుగెత్తిన యజమాని చేసిన యంత్రమది.

మందు కొట్టేస్తే పోలేదా?

యంత్రం చేనులోకి దిగేలోపు ఇంకొకటి వచ్చి కూర్చుంది: కలుపు మందు. పది మంది కూలీలు రోజంతా చేసే పనిని ఒక మనిషి వీపున ట్యాంకుతో పూటలో ముగిస్తాడు. కూలి దొరకని వారంలో ఇది రైతుకు దేవుడిచ్చిన వరంలాగే కనిపిస్తుంది. ఆ సంగతిని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. ఎకరన్నర రైతు ఎంచుకునేది సిద్ధాంతాన్ని కాదు, రేపటి పంటను.

కానీ బిల్లు తర్వాత వస్తుంది. 1974లో మార్కెట్లోకి వచ్చిన గ్లైఫోసేట్ పచ్చగా కనిపించిన ప్రతి మొక్కనూ చంపుతుంది. అందుకే పంట మీద కొట్టడానికి వీల్లేదు. మన దేశంలో దాని అనుమతి తేయాకు తోటలకు, పంటలేని భూములకు పరిమితం. ఈ మందును తట్టుకునే పత్తి విత్తనాలకు ఇక్కడ అనుమతి లేకపోయినా, దొంగచాటుగా ఊళ్లకు చేరుతున్నాయి. ఏటా తొలకరికి ముందు వ్యవసాయ అధికారులు, పోలీసులు కలిసి దాడులు చేసి సంచులకు సంచులు పట్టుకోవడం ఒక ఆనవాయితీగా మారింది. 2022 అక్టోబరులో కేంద్రం గ్లైఫోసేట్ చల్లడాన్ని లైసెన్సున్న పురుగు నివారణ సిబ్బందికే పరిమితం చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో దీన్ని క్యాన్సర్ కారకం కావచ్చన్న జాబితాలో చేర్చింది. అమెరికా పర్యావరణ సంస్థ లాంటివి ఒప్పుకోలేదు. ఆ వాదం ఇంకా తేలలేదు. పారాక్వాట్ అనే మరో కలుపు మందు విషయంలో అలాంటి వాదానికే తావు లేదు. గుక్కెడు లోపలికి పోతే విరుగుడు లేదని మన ఆసుపత్రుల్లో అత్యవసర విభాగాలన్నిటికీ తెలుసు.

రెండో బిల్లు కలుపే పంపుతుంది. ఏళ్ల తరబడి ఒకే మందు కొడితే చావనివి మిగిలి, వాటి సంతానమే పెరుగుతుంది. 1990ల తొలినాళ్లలో హరియాణా, పంజాబ్ గోధుమ చేలల్లో మందుకు లొంగని గడ్డి రైతులను కన్నీళ్లు పెట్టించింది. 2000లు సగం గడిచేసరికి అమెరికా జార్జియా పత్తి చేలల్లో గ్లైఫోసేట్‌కు చావని తోటకూర జాతి కలుపు తలెత్తింది. ఎంత మందుకొట్టినా చావకపోయేసరికి, చాలా చోట్ల మళ్లీ మనుషుల్ని పెట్టి పారలతో కొట్టించాల్సి వచ్చింది. ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చింది కథ.

> ■ కలుపులో కూర
>
> కలుపు తీసే ఆడవాళ్లు పొద్దుగూకి ఇంటికి ఉత్త చేతులతో పోరు. నెత్తిన బర్రెకు గడ్డిమోపు, ఒడిలో కూరాకు. గంగవాయిలి కూర, దొగ్గలి కూర, పొన్నగంటి, తుమ్మికూర.. ఎవరూ విత్తకుండా చేనులో మొలిచేవి. జహీరాబాద్ ప్రాంతంలో పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఇలాంటి సాగుచేయని ఆకుకూరల్ని పదుల సంఖ్యలో నమోదు చేసింది. పేదింటి కంచంలో కాసింత పచ్చదనం ఇక్కడి నుంచే. బతుకమ్మను పేర్చే గునుగు పువ్వు కూడా చేనుకు కలుపే. మందు పడిన చేనులో మేత లేదు, కూర లేదు, పువ్వూ లేదు. ఈ నష్టం ఏ ఖర్చుల పట్టికలోనూ కనిపించదు.

లేజర్ దిగేదెప్పుడు?

ఫోన్లలో తిరుగుతున్న ఆ వీడియోలోని యంత్రం కల్పన కాదు. అమెరికాలోని సియాటిల్‌లో కార్బన్ రోబోటిక్స్ అనే కంపెనీ దాన్ని తయారుచేస్తోంది. కెమెరాలు నేలను ఫొటోలు తీస్తాయి. ఏది పంటో ఏది కలుపో కంప్యూటర్ గుర్తిస్తుంది. కలుపు మొక్క పెరిగే చిగురు మీద లేజర్ కిరణం పడి మాడుస్తుంది. 2022లో విడుదల చేసిన నమూనాలో ఒక్కొక్కటి 150 వాట్ల లేజర్లు 30 ఉన్నాయి. మట్టి కదలదు కాబట్టి అడుగున నిద్రపోతున్న గింజలు పైకి రావు. మొక్కకూ మొక్కకూ మధ్య ఉండే కలుపు దగ్గర ఇన్నాళ్లూ ఆగిపోతూ వచ్చిన యంత్రం ఇక్కడ ఆ గీత దాటింది.

ఇంకో దారిలో జాన్ డీర్ కంపెనీ నడుస్తోంది. 2017లో అది 30.5 కోట్ల డాలర్లు పెట్టి బ్లూ రివర్ అనే చిన్న సంస్థను కొన్నది. చేనంతా మందు చల్లకుండా, కెమెరాతో చూసి కలుపు మీదే చుక్క రాల్చే యంత్రం వీళ్లది. ఆస్ట్రేలియాలో రే హారింగ్టన్ అనే రైతు ఆలోచన అన్నిటికంటే విడ్డూరం. మందుకు చావని గడ్డితో వేగిపోయి, కలుపును వదిలేసి దాని గింజ మీద పడ్డాడు. కోత యంత్రంలోంచి పొట్టుతో పాటు కలుపు గింజలు మళ్లీ చేనులోనే పడుతున్నాయి కదా, వాటిని అక్కడికక్కడే మరలో వేసి పిండి చేస్తే? పశ్చిమ ఆస్ట్రేలియాలోని డార్కన్‌లో మొదలైన ఆ ఆలోచన ఇప్పుడు ఆయన పేరుతోనే యంత్రమై అమ్ముడవుతోంది. ఇక్కడా యంత్రం పుట్టింది విసిగిపోయిన రైతు బుర్రలోనే.

మరి మన చేలకు? తెలుగు రాష్ట్రాల్లో సగటు కమతం హెక్టారుకు అటూఇటుగా ఉంది. వేల ఎకరాల కూరగాయల తోటలకు లెక్కగట్టిన లేజర్ యంత్రం అలాగే ఇక్కడికి దిగితే దానికీ ట్రాపికల్టర్ గతే పడుతుంది. దిగాల్సింది పెట్టె కాదు, దానిలోని కన్ను. మొక్కను గుర్తుపట్టే ఆ కన్ను నానాటికీ చవకవుతోంది. దాన్ని సైకిల్ దంతె సైజుకు కుదించగలిగితే అది మన యంత్రమవుతుంది. కంది, పత్తి, మిరప, వేరుశనగ మొలకలను, మన కలుపు మొక్కలను దానికి నేర్పాలంటే లక్షల ఫొటోలు కావాలి. అవి తీయాల్సింది మన చేలల్లోనే. ఆ పనికి సియాటిల్ రాదు.

కర్ర పొడవూ ఒక ఆవిష్కరణే

కాలిఫోర్నియా కూరగాయల తోటల్లో మెక్సికన్ కూలీల చేతికి అడుగు పొడవు పిడి ఉన్న పార ఇచ్చేవారు. దాంతో పనిచేయాలంటే రోజంతా రెండుగా వంగాల్సిందే. నడుములు విరిగి, పాతికేళ్లకే ముసలివాళ్లయినవారున్నారు. పొడవు పిడి ఇస్తే పంట పాడవుతుందని యజమానులు వాదించారు. కూలీలు, వాళ్ల న్యాయవాదులు ఏళ్లపాటు పోరాడారు. 1975లో ఆ రాష్ట్రం పొట్టి పారను నిషేధించింది. 2004లో వంగి చేత్తో కలుపు తీయించడం మీదా ఆంక్షలు పెట్టింది. పంటలేమీ పాడవలేదు. అక్కడ జరిగిన ఆవిష్కరణ అల్లా పొడవాటి కర్ర.

మన దగ్గర శ్రీ వరి అనుభవం దీనికి అద్దం పడుతుంది. మడగాస్కర్‌లో ఫాదర్ హెన్రీ ది లొలానీ 1980ల్లో రూపుదిద్దిన ఈ పద్ధతిని 2003 ఖరీఫ్‌లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం రైతుల మళ్లలోకి తెచ్చింది. పాతిక సెంటీమీటర్ల ఎడంతో చదరంగా నాటి, పది రోజులకోసారి వీడర్ తిప్పాలి. కలుపు బురదలో కలిసి ఎరువవుతుంది, వేళ్లకు గాలి ఆడుతుంది. నీరు, విత్తనం ఆదా అయ్యాయని రైతులు మెచ్చుకున్నారు. అయినా చాలామంది వెనక్కి తగ్గారంటే ఒక ముఖ్య కారణం ఆ వీడరే. బురదలో ముందుకూ వెనక్కూ తోయడానికి బలం కావాలి. ఒంగి కలుపు తీసిన ఆడవాళ్లకు అది బరువైంది. మగవాళ్ల చేతికి వెళ్లింది. మగవాళ్లకేమో కలుపు తీయడం తమ పని కాదు. యంత్రం గట్టున ఉండిపోయింది.

ఇందులో ఒక వరస కనిపిస్తుంది. చేత్తో తీసినంతకాలం కలుపు ఆడవాళ్ల పని, తక్కువ కూలి. దానికి ఇంజినొచ్చిన రోజు నుంచి మగవాళ్ల పని, ఎక్కువ కిరాయి. నడుము నొప్పి తగ్గాల్సిన మనిషికి నొప్పితో పాటు కూలీ పోతుంది. ‘తెప్పిస్తే మా కైకిలెట్ల’ అన్న ప్రశ్నలో ఉన్నది యంత్రం మీద కోపం కాదు, అనుభవం.

అసలెవరూ ఆలోచించలేదని కాదు. భోపాల్‌లోని కేంద్రీయ వ్యవసాయ ఇంజినీరింగ్ సంస్థ ఆడవాళ్ల ఎత్తు, బలం కొలిచి రెండు చక్రాల దంతె లాంటి పనిముట్లు తయారుచేసింది. సబ్సిడీ పథకాలున్నాయి, యంత్రాల అద్దె కేంద్రాలున్నాయి. 2023 నవంబరులో కేంద్రం 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చే పథకాన్ని ఆమోదించింది. డ్రోన్ నడపగలరని నమ్మిన ఆడవాళ్లకు పవర్ వీడర్ నడపడం ఎవరూ ఎందుకు నేర్పలేదన్నది అడగాల్సిన మాట. రోజుకింత కైకిలికి పోయే మహిళా సంఘమే ఊళ్లో నాలుగు వీడర్లు కొనుక్కుని, ఎకరానికి ఇంతని గుత్తకు పడితే, సాళ్ల మధ్య యంత్రంతోనూ మొక్కల మధ్య చేత్తోనూ వాళ్లే పని ముగిస్తే, నడుమూ కూలీ రెండూ నిలుస్తాయి. రైతుకు కావాల్సిన వారంలో పనీ అవుతుంది.

> ■ వీడర్ కొనేముందు
>
> - విత్తేటప్పుడే యంత్రం వెడల్పుకు తగ్గట్టు సాళ్ల ఎడం పెట్టుకోవాలి. తర్వాత అనుకుంటే యంత్రం కొన్నా సాలులో దిగదు.
> - కలుపు రెండు మూడు ఆకుల దశలో ఉన్నప్పుడే తిప్పాలి. మోకాలెత్తు గడ్డి బ్లేడ్లకు చుట్టుకుంటుంది.
> - తుంగ, గరిక ఎక్కువున్న చేనులో చక్రంలా తిరిగే బ్లేడ్ల కంటే కోసుకుపోయే దంతె మేలు.
> - నల్లరేగడి బంకగా ఉన్నప్పుడు దింపొద్దు. పదును చూసి దింపాలి.
> - నడిపే మనిషి చేత ముందు పూటంతా నడిపించి చూడండి. హ్యాండిల్ ఎత్తు, అదురు, బరువు తేలేది అప్పుడే.
> - బ్లేడ్లు, విడిభాగాలు దగ్గరి పట్నంలో దొరుకుతాయో లేదో కనుక్కోండి.

ప్రభుత్వ పరీక్ష కేంద్రాల్లో ఏ యంత్రానికైనా నివేదిక ఇస్తారు. ఎంత హార్స్‌పవర్, గంటకు ఎంత డీజిల్, ఎకరానికి ఎంత సమయం, ఎంత శాతం కలుపు పోయింది. ఇవన్నీ కావాల్సినవే. ఆ పట్టికలో మరో రెండు వరసలు చేరిస్తే చాలా యంత్రాల భవిష్యత్తు ముందే తేలిపోతుంది. ఒకటి, నలభై ఏళ్ల మహిళ దీన్ని రోజంతా నడిపితే సాయంత్రానికి ఒళ్లెలా ఉంది? రెండు, ఈ యంత్రం వల్ల ఆమె కూలి పెరిగిందా, పోయిందా? ఈ రెండింటికీ సరైన జవాబు చెప్పలేని యంత్రానికి సబ్సిడీ ఇవ్వడమంటే ఇంకో బండిని కొనిపెట్టడమే.